ఐరిష్ బాణీకి తెలుగు మాట కట్టే ముందు

సంపాదకులకు,

దేవుని ప్రేమను పాడటానికి ‘స్లేన్’ అనే ఐరిష్ బాణీ ఎంతో తగినది. విజయవాడ, గుంటూరు విచారణల (కతోలిక స్థానిక సంఘాల) గాయక బృందాలు సత్ప్రసాదం (కమ్యూనియన్) అందుకునేటప్పటి గీతంగా దాన్ని ఎంచుకుంటే సంతోషమే. కాకపోతే ఆ బాణీలో పాడే ఇంగ్లీషు పాటను మాటకు మాట దించి వరుసలో కూర్చితే తెలుగు నలిగిపోతుంది. ఆ ఇబ్బంది ఎక్కడ పుడుతుందో చెప్పాలనే ఈ లేఖ.

ఇది పుట్టుకతో గుడి పాట కాదు. పాట్రిక్ వెస్టన్ జాయిస్ 1909లో అచ్చువేసిన ఐరిష్ జానపద సంకలనంలో ప్రేమపాటగా ఉంది. 1919లో ఐర్లండ్ కీర్తనల పుస్తకం దీన్ని ప్రాచీన ఐరిష్ ప్రార్థనకు జతచేసింది. పునీత పాట్రిక్ పాస్క (ఈస్టర్) మంట వెలిగించాడని చెప్పుకునే కొండ పేరే దీని పేరు.

వరుసకు నాలుగు పాదాలు, పాదానికి నాలుగు గదులు (తాళపు విభాగాలు, బార్లు), గదికి మూడు దెబ్బలు. అంటే త్రిశ్రగతి. మన ఛందస్సులో మూడు మాత్రల గణాలు సిద్ధంగా ఉన్నాయి, సూర్యగణాలు: గురువు-లఘువు లేదా మూడు లఘువులు. ‘ప్రేమ’, ‘దేవ’, ‘కరుణ’, ‘హృదయ’ అన్నీ అవే. మూడు గదులకు మూడు సూర్యగణాలు, నాలుగో గదిలో సాగదీసే ఒక గురువు. ‘దేవ నీదు ప్రేమయే’ అని చూడండి, గదికో మాట చొప్పున కూర్చుంటుంది, చివరి ‘యే’ నాలుగో గదిలో నిలుస్తుంది. అదే ‘ప్రేమించుము’ అని పెడితే? ‘ప్రే’ రెండు దెబ్బలు తీసుకుంటుంది, ‘మిం’ సగం ఈ గదిలో, సగం పక్క గదిలో పడుతుంది. ఊనిక తప్పి మాట విరుగుతుంది. రెండు లఘువుల మాటలది ఇంకో తంటా. గది నిండక గాయకులు మొదటి అక్షరాన్ని లాగుతారు. ‘కల’ కాస్తా ‘కాల’ అవుతుంది, ‘పద’ ‘పాద’ అవుతుంది. బల్లల్లో కూర్చున్న పెద్దలకు అర్థమే మారిపోతుంది. అందుకే మాట రాశాక ముందు రాగం లేకుండా, మూడేసి చప్పట్లతో చదివి చూడాలి. అక్కడ తడబడిన చోట పాటలోనూ తడబాటు తప్పదు.

ఇక శ్రుతి. వరుస రెండో గదిలోనే మంద్ర పంచమానికి (కింది ‘ప’కు) దిగుతుంది, మూడో పాదంలో తారా షడ్జమం (పై ‘స’) అందుకుంటుంది. మొదట్లో కింద వినబడటం లేదని కీబోర్డు వాయించేవారు నాలుగు శ్రుతికి పెంచితే, మూడో పాదం దగ్గర జనం నోరు మూసేస్తారు. పుస్తకాల్లో సాధారణంగా రెండున్నర ఉంటుంది. ఉదయం పూజకు కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ ఒకటి పెట్టి రెండు శ్రుతిలో పాడితే అందరికీ అందుతుంది. ఒకటికి దించితే ఆడవాళ్లకు కింది పంచమం పలకదు.

మొదటి పాదం స రి గ ప ద లలోనే నడుస్తుంది కాబట్టి చెవికి మోహన రాగంలా తోస్తుంది. కానీ మూడో పాదంలో నిషాదం (‘ని’) తగులుతుంది. దాన్ని వదిలేయొద్దు, గమకాలతో నింపొద్దు.

కీబోర్డులోని వాల్ట్జ్ (మూడు దెబ్బల పాశ్చాత్య నాట్య తాళం) డ్రమ్స్ దయచేసి ఆపండి. మొదటి దెబ్బను అది మోత మోగిస్తుంటే ప్రార్థన నిలవదు. ఆర్గన్ లేదా స్ట్రింగ్స్ చాలు. తపస్కాలంలోనైతే (ఈస్టర్‌కు ముందరి ఉపవాస కాలం) వాద్యం పాటకు ఆసరాగా మాత్రమే ఉండాలన్నది పూజా నియమం, పండుగలూ లెతారే ఆదివారమూ (తపస్కాలపు నాలుగో ఆదివారం) మినహా. నిమిషానికి 96 దెబ్బల వేగంలో ఒక చరణం అరనిమిషం పడుతుంది, నాలుగు చరణాలకు రెండు నిమిషాలు. సత్ప్రసాదం అందుకునేవారి వరుస పొడుగ్గా ఉంటే వేగం తగ్గించకుండా చరణాలు పెంచండి. పాదం చివరి స్వరాన్ని రెండు దెబ్బలు నిలిపి, మూడో దెబ్బలో ఊపిరి తీసుకోవాలి.

కొత్త మాటలు పూజలో పాడే ముందు విచారణ గురువుల ద్వారా పీఠాధిపతి (బిషప్) ఆమోదానికి పంపాలి. గురు లఘువులు గుర్తించిన ప్రతినే పంపితే, మాట ఏ దెబ్బపై పడుతుందో చూసేవారికి తెలుస్తుంది.

— ఒక గాయక బృంద శిక్షకుడు, విజయవాడ