అంపోలు జైలు దగ్గర తన వంతు మాకిచ్చిన పెద్దాయనకి

మా తమ్ముడికి 19 ఏళ్లు. నాన్న పోయాక వాణ్ణి బండెక్కించుకుని తిప్పి, బిర్యానీ తినిపించి, "నీకు నేనున్నాన్రా" అన్నవాళ్లే వాడికి ఇల్లయిపోయారు. గంజాయి కేసులో దొరికాక ఆ అన్నల్లో ఒక్కడూ ఇటు తొంగిచూడలేదు.

మొదటి ములాఖత్‌కి ఆధార్ జిరాక్స్ లేకుండా వెళ్లిపోయాం. అమ్మ చెట్టుకింద కూలబడి ఏడుస్తుంటే మీరు లైన్ వదిలేసి వచ్చారు. మీ టీవీఎస్ మీద అమ్మని జిరాక్స్ షాపుకి తీసుకెళ్లి తెచ్చారు. అప్పటికే టైం అయిపోవస్తోంది. "నాను వచ్చే వారం సూసుకుంటాను, నువ్వెల్లమ్మా" అన్నారు. మీ అబ్బాయికని తెచ్చిన సబ్బు, తువ్వాలు మీ సంచిలోనే ఉండిపోయాయి.

తమ్ముడు చిక్కిపోయాడు. చీకటి పడకముందే తాళం వేసేస్తారట, తెల్లారేదాకా అమ్మే గుర్తొస్తుందట. ఆ మాట అమ్మ వాడి నోటితో వినగలిగిందంటే మీ వల్లే.

జైల్లో ఉన్నవాళ్లకి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుందని చెప్పి, జిరాక్స్ వెనక 15100 అని రాసిచ్చారు కదా. ఫోన్ చేశాం, లాయర్ వచ్చారు. ఆ కాగితం ఇంకా అమ్మ పర్సులోనే ఉంది.

మీ పేరైనా అడగలేదు, క్షమించండి. తర్వాతి వారం మీ అబ్బాయిని చూశారా?