గోడ పూర్తయింది, బోర్డులు రాసే ఆ పెద్దాయనకి దండం

అందరికీ నమస్తే. నిన్న జనవరి 14, వెటరన్స్ డే నాడు మన గోడ ఓపెనింగ్ అయిపోయింది. ఒళ్ళంతా నొప్పులు, గోళ్ళ సందుల్లో ఇంకా నీలం రంగే ఉంది, నిద్ర పట్టట్లేదు, అందుకే ఈ టైంలో కూర్చుని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి.

తెలియనివాళ్ళకి ఒక ముక్క. జనరల్ కరియప్ప గారు మన ఆర్మీకి మొదటి భారతీయ కమాండర్ ఇన్ చీఫ్. 1949లో ఆయన చార్జ్ తీసుకున్న జనవరి 15 ఆర్మీ డే అయితే, 1953లో ఆయన రిటైరైన జనవరి 14 మాలాంటి రిటైరైనవాళ్ళ రోజు. ఆ రోజుకల్లా ఒక ఆఫీసు కాంపౌండ్ గోడ మీద పెద్ద బొమ్మ వెయ్యాలని మా ఎక్స్ సర్వీస్‌మెన్ కొంతమందిమి, ఇక్కడి ఆర్టిస్టులు, ఆర్ట్ కాలేజీ పిల్లలు కలిసి అనుకున్నాం. పిల్లలు మొదట తెచ్చిన స్కెచ్ నిండా ట్యాంకులు, తుపాకులు, ఫైటర్ జెట్లు. ఎంతో కష్టపడి వేశారు పాపం, మావాళ్ళెవరికీ నోరు రాలేదు. ఆఖరికి మా సుబేదార్ గారే అన్నారు, యుద్ధాలు ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్‌లో ఉన్నాయి కదమ్మా, 2019లో తెరిచారు, లోంగేవాలా, రెజాంగ్ లా అన్నీ కంచులో చెక్కి పెట్టారు, ఈ గోడ మీద మాత్రం మేం ఇంటికొచ్చేది వెయ్యండి అని. అట్లా వచ్చింది ఇప్పుడు మీరు చూస్తున్న రైల్వే ప్లాట్‌ఫాం, దిగే మనుషులు, ఎదురొచ్చేవాళ్ళు, మధ్యలో నల్ల ట్రంకు పెట్టె.

ఇప్పుడు అసలు చెప్పాల్సిన మనిషి గురించి చెప్తా.

పిల్లలు ప్రైమర్ డబ్బా మూత తీస్తుంటే రోడ్డు మీద ఒక పెద్దాయన సైకిల్ స్టాండేసి కాసేపు చూశారు, తర్వాత తిన్నగా వచ్చి గోడ కింది భాగంలో అరచెయ్యి ఆనించారు. గోటితో గీకితే తెల్లటి పొడి రాలింది. కింద రెండడుగులు తడి తాగేసింది బాబూ, ఉప్పు ఊరుతోంది, దీని మీద ఎంత ఖరీదైన రంగేసినా పొక్కులొచ్చి ఊడిపోతుంది అన్నారు. మాకు ఒళ్ళు మండింది, ముందే టైం లేదు. ఆయనేమో ఇంకో మాట అనకుండా లప్పం రేకు తీసుకుని గీకడం మొదలుపెట్టారు. గోడ వెనక పైపు లీకవుతోందని కనిపెట్టింది కూడా ఆయనే. పైపు బాగుచేయించి, పాత సున్నం ప్లాస్టరింగ్ దాకా గీకేసి, ఎండనిచ్చి, అప్పుడు ప్రైమర్ కొట్టాం.

షాపుల బోర్డులు రాసి బతికిన మనిషి ఆయన. ఫ్లెక్సీలొచ్చాక పని పోయింది. మా ప్రొజెక్టర్ వీధిలైట్ల వెలుగులో పనికిరాకపోతే పెద్ద బ్రౌన్ పేపర్ మీద బొమ్మ గీయించి, గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిపించి, గోడకి పెట్టి బొగ్గుపొడి మూటతో తట్టారు, పేపర్ తీస్తే గీతంతా చుక్కలు చుక్కలుగా దిగిపోయింది, పిల్లలు నోళ్ళు తెరిచారు. కూలీల చొక్కాలకి పిల్లలు కలిపిన మెరిసే ఎరుపు ఎండకి ముందు వెలిసిపోయేది అదేనని పక్కన పెట్టించి రెడ్ ఆక్సైడ్ వేయించారు.

నా కుడి చెయ్యి సంగతి దగ్గరివాళ్ళకి తెలుసు. సర్వీసులో దెబ్బ తగిలినప్పటి నుంచీ వణుకు, టీ గ్లాసు కూడా ఎడమ చేత్తోనే. అందుకే నేను డబ్బాలు మోస్తూ, నిచ్చెన పట్టుకుంటూ ఉండేవాణ్ణి. ఆయన అది గమనించారు, ఒక్క ప్రశ్న అడగలేదు. ఓ సాయంత్రం సంచీలోంచి సన్న వెదురు కర్ర తీశారు, చివర పాత గుడ్డ ఉండలా చుట్టి దారంతో బిగించి ఉంది. గుడ్డ ఉండని గోడకి ఆనించి కర్ర ఎడమ చేత్తో పట్టుకో, కుడి మణికట్టు దాని మీద పెట్టు, సగం ఊపిరి వదిలి ఆపు, ఇప్పుడు గీత లాగు అన్నారు. సగం ఊపిరి వదిలి ఆపమని నాకు ఫైరింగ్ రేంజ్‌లో ఉస్తాద్ నేర్పింది కూడా అదే. లాగాను. గీత నిలబడింది.

ట్రంకు పెట్టె మూత మీద అక్షరాలు నన్నే రాయమన్నారు. వయసులో ఉన్నప్పుడు స్టేషన్ దగ్గర కూర్చుని లీవు అయిపోయి వెళ్ళే కుర్రాళ్ళ పెట్టెల మీద పేరూ నంబరూ తెల్ల రంగుతో రాసిచ్చేవారట. "రాసిన ప్రతిసారీ అనుకునేవాణ్ణి బాబూ, ఈ పెట్టె ఇదే మనిషితో తిరిగి రావాలని" అన్నారు. అంతే, ఇక నా వల్ల కాలేదు. మా బ్యాచ్‌లో ఒకడి పెట్టె వాడు లేకుండా వచ్చింది, దాన్ని వాళ్ళింటికి చేర్చింది నేనే. పరంజా మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన కదల్లేదు, కింద బ్రష్షులు కడుగుతూ ఉన్నారు, నేను లేచాక కర్ర మళ్ళీ నా చేతికిచ్చారు. పెట్టె మీద ఇప్పుడున్న నంబరు వాడిది. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.

ఇక ఆఫీసువాళ్ళ సంగతి. రాయకూడదనుకున్నా కానీ రాయకుండా ఉండలేకపోతున్నా. గోడకి పర్మిషన్ ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి తిరిగి తిరిగి చివరికి మొదటి టేబుల్‌కే వచ్చింది. పెద్దాయనకి కూలి ఇప్పిద్దామంటే జీఎస్టీ నంబరున్న బిల్లు కావాలట, ఆయనకి జీఎస్టీ ఎక్కడిది, వోచర్ తిప్పి పంపారు, మేమే తలా కొంత వేసుకుని ఇచ్చాం. పనిచేసిన ఆర్టిస్టుల పేర్లు కింద మూలలో రాస్తామంటే అప్రూవ్డ్ డ్రాయింగ్‌లో లేవు కాబట్టి కుదరదన్నారు. ఆయన జీవితంలో రాసిన ప్రతి బోర్డు మూలలోనూ చిన్న అక్షరాలతో ఆయన సంతకం ఉండేదట, ఈ గోడ మీద లేదు. ఓపెనింగ్‌కి మాత్రం పెద్దల ఫొటోలతో ఇంత ఫ్లెక్సీ కట్టారు, సరిగ్గా ప్లాట్‌ఫాం బొమ్మకి అడ్డంగా. ఆ పేర్ల కోసం మళ్ళీ అర్జీ పెడుతున్నాం, సంతకాలు కావాలి, రండి. ఇక్కడ ఆయన పేరు ఎందుకు పెట్టలేదంటే ఫోన్లలో వద్దన్నారు, గోడ మీదయితే సరే అన్నారు.

మా ఆవిడ, అబ్బాయి, తమ్ముడు చేసింది చాలా ఉంది, వాళ్ళకి థాంక్స్ చెప్తే తిడతారు కాబట్టి వదిలేస్తున్నా.

ఆర్ట్ కాలేజీ పిల్లలూ, మీరు బంగారాలు. సుబేదార్ సాబ్, జై హింద్.

అయ్యో, మర్చిపోయా, పరంజా కర్రలు అద్దె తీసుకోకుండా ఇచ్చిన తమ్ముడికీ, మోటారేసి నీళ్ళిచ్చిన ఎదురింటి అక్కకీ, రోజూ సాయంత్రం బారికేడ్ పెట్టిన ట్రాఫిక్ కానిస్టేబుల్ గారికీ, ఆ పైపు బాగుచేసిన ప్లంబర్‌కీ చాలా చాలా థాంక్స్. రాత్రి కాపలా పడుకున్న వాచ్‌మన్ బాబాయికి కూడా. ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ కొంచెం మిగిలింది, ఏదైనా స్కూల్ గోడకి కావాలంటే చెప్పండి, బ్రష్షులతో సహా తెచ్చిస్తాం.