ఆటలోని ఊరికి అన్నం ఎవరు పెడుతున్నారు? పిల్లల ప్రశ్నలకు మీ పత్రికలో చోటివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వీడియో గేమ్‌ల గురించి మీ పత్రికలో వచ్చే వ్యాసాలను నేను వదలకుండా చదువుతాను. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయురాలిని కాబట్టి వాటిలో కనిపించే ఆందోళన నాకు కొత్తది కాదు. రాత్రి పొద్దుపోయేదాకా ఫోను పట్టుకు కూర్చుని, మర్నాడు మొదటి పీరియడ్‌లోనే కునికిపాట్లు పడే పిల్లలను నేనూ చూస్తున్నాను. డబ్బు పందెం కట్టించే ఆన్‌లైన్ ఆటల వల్ల కుటుంబాలు అప్పులపాలు కావడం మన రెండు రాష్ట్రాలూ ఎరిగిన సంగతే. వాటిని తెలంగాణ 2017లోనూ ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. ఆ విషయంలో మీరు రాసేదానితో నాకు ఏ పేచీ లేదు. అయితే పందెపు ఆటలనూ, ఒక ఊరినో అడవినో కల్పించి అందులో పిల్లవాణ్ణి స్వేచ్ఛగా తిరగనిచ్చే ఆటలనూ ఒకే గాటన కట్టి రాయడం వల్ల, ఈ రెండో రకం ఆటలు ఆడే పిల్లల బుర్రల్లో జరుగుతున్న ఒక మంచి పని ఎవరి కంటా పడకుండా పోతోందని నా బాధ.

ఆ పని ఏమిటంటే, ప్రశ్న వేయడం. ఆ ఊళ్ళో అంగడివాడు రాత్రిపూట ఎక్కడ పడుకుంటాడు? అతనికి రొట్టె ఎవరు చేసిపెడతారు? అతనికి మనం ఇచ్చిన డబ్బు ఏమవుతుంది? మనం ఆట ఆపేశాక వాళ్ళంతా ఏం చేస్తుంటారు? ఇలాంటివి పిల్లలు నన్ను విరామ సమయంలో అడుగుతుంటారు. పైకి అల్లరి ప్రశ్నల్లా వినిపించినా, ఒక లోకం ఏ నియమాల మీద నడుస్తోందో కనిపెట్టాలన్న తపన వీటిలో ఉంది. సైన్సు పాఠంలో మనం ఎంత బతిమాలినా రాని తపన అది.

2011లో పూర్తిస్థాయిలో విడుదలైన స్వీడన్ ఆట మైన్‌క్రాఫ్ట్ మన పిల్లలకు బాగా పరిచయం కాబట్టి దాన్నే తీసుకుంటాను. అక్కడి రోజు మన గడియారంలో 20 నిమిషాలు. దారిలో తగిలే ఊళ్ళలో విలేజర్లు, అంటే కంప్యూటరే నడిపే ఊరి మనుషులు ఉంటారు. తెల్లవారగానే ఎవరి పని దగ్గరకు వాళ్ళు పోతారు, సాయంత్రం కావస్తుండగా ఊరి మధ్యనున్న గంట దగ్గర గుమిగూడతారు, పొద్దు గూకితే ఇళ్ళకు చేరి మంచమెక్కుతారు. ఎవరి వృత్తి ఏదన్నది పుట్టుకతో రాదు. మగ్గం ముందు నిలిచిన వాడు గొర్రెల కాపరి అవుతాడు, పీపా దొరికిన వాడు జాలరి అవుతాడు, పుస్తకపీఠం దొరికిన వాడు గ్రంథాలయం నడిపే వాడవుతాడు. ఆకుపచ్చ అంగీ వేసుకున్న ఒక రకం మనిషికి మాత్రం ఏ పనీ అంటదు. ఊరి వాణ్ణి ఎవరైనా కొడితే ఆ సంగతి నోటినోటా పాకి, కొట్టిన వాడికి సరుకుల ధరలు పెరుగుతాయి. ఊరికి కాపలా కాసే ఇనుప మనిషి అప్పుడప్పుడు చేతిలో ఎర్రపువ్వు పట్టుకుని చిన్నపిల్లల ముందు చాపుతాడు. వీటిలో చాలావాటిని ఆట ఎక్కడా వివరించదు. చూసిన వాడికే తెలుస్తుంది.

మా ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు చేసిన పని కొంచెం వివరంగా చెప్పాలి. ఆ ఊళ్ళో రైతు గోధుమలు కోసి, రొట్టెలు చేసి, మిగతావాళ్ళ ముందు విసురుతుంటాడు. మరి రైతే లేకపోతే ఊరు పస్తులుంటుందా అని వాడికి అనుమానం వచ్చింది. రైతు చుట్టూ గోడ కట్టి, బయటి వాళ్ళను గమనించడం మొదలుపెట్టాడు. ఎవరూ చిక్కిపోలేదు, ఎవరూ చావలేదు, ఎప్పటిలాగే పనికి పోతున్నారు, గంట దగ్గరకు వస్తున్నారు. కానీ ఊళ్ళో ఖాళీ మంచాలు ఉన్నా కొత్తగా పిల్లలు పుట్టడం ఆగిపోయింది. అది రొట్టె లేకపోవడం వల్లనా, మరేదైనా కారణమా అని తేల్చుకోవడానికి గోడ తీసేశాడు. రొట్టెలు మళ్ళీ చేతులు మారాయి, కొన్నాళ్ళకు ఒక పసివాడు కనిపించాడు. "ఇక్కడ పెద్దవాళ్ళకు ఆకలి లేదు. పంట అంతా పిల్లల కోసమే" అని వాడు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. వాడికి ఎవరూ నేర్పకుండానే, ఒక్కదాన్ని మార్చి మిగతావన్నీ అలాగే ఉంచి చూడాలన్న పద్ధతి తెలిసిపోయింది. నేను పదేపదే బోర్డు మీద రాసి చెప్పే పద్ధతే అది.

అదే తరగతిలో ఒక అమ్మాయి మరో సంగతి కనిపెట్టింది. విలేజర్లు మనకు సరుకు అమ్మేటప్పుడు పచ్చరాళ్ళు తీసుకుంటారు, మన దగ్గర కొనేటప్పుడు పచ్చరాళ్ళు ఇస్తారు. అయితే వాళ్ళలో వాళ్ళు ఎన్నడూ బేరం చేసుకోరు. రైతు తన పొరుగువాడికి రొట్టె ఊరికే ఇస్తాడు, పనీపాటా లేని ఆకుపచ్చ అంగీ మనిషికీ ఇస్తాడు. డబ్బు మాట వచ్చేది బయటి నుంచి మనం వెళ్ళినప్పుడే. ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి తాతయ్యను అడిగితే, తన చిన్నతనంలో కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు కమ్మరికీ, వడ్రంగికీ, కుమ్మరికీ ఇంత అని తీసి ఇచ్చేవారనీ, ఏడాది పొడుగునా వాళ్ళు చేసిన పనికి చేతికి డబ్బు ఇవ్వడం తక్కువేననీ ఆయన చెప్పారట. రెండూ ఒకటి కావు, కళ్ళంలో ఇచ్చేది చేసిన పనికి, ఆటలో ఇచ్చేది ఏ పనికీ కాదు అని ఆ అమ్మాయే తేడా పట్టుకుంది. ఆర్థికశాస్త్రం పేరు కూడా వినని వయసులో, డబ్బు లేకుండా ఊరు ఎలా నడుస్తుందన్న చర్చ ఒక తాతకూ మనవరాలికీ మధ్య జరిగింది. ఈ సంభాషణకు విలువ కట్టలేక, ఫోను లాక్కోవడమే మనం చేయగలిగిన మేలు అనుకోవడం నాకు నచ్చడం లేదు.

ఇంతకంటే లోతైన లోకాలూ ఉన్నాయి. అమెరికాకు చెందిన టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు 2006 నుంచి జనానికి అందిస్తూ, మెరుగుపరుస్తూ వస్తున్న డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే ఆటలో మరుగుజ్జులు కొండ తొలిచి ఊరు కట్టుకుంటారు. 2015లో ఆ ఆటలో పానశాలలు వచ్చాక పిల్లులు వాంతులు చేసుకుని చచ్చిపోవడం మొదలైంది. ఎవరూ వాటిని ఏమీ చేయలేదు. కారణం వెతుకుతూ పోతే తేలినది ఇది: మరుగుజ్జులు తాగుతూ నేల మీద బీరు ఒలకబోస్తున్నారు, అటుగా నడిచిన పిల్లుల పాదాలకు అది అంటుకుంటోంది, పిల్లి తన అలవాటు కొద్దీ పాదాలు నాకి శుభ్రం చేసుకుంటోంది, నాకిన ప్రతిసారీ ఒక నిండు పాత్ర తాగినట్టు లెక్కలో పడుతోంది, ఆ చిన్న ఒంటికి అది విషమవుతోంది. కొలత ఒక్కటే తప్పు, మిగతాదంతా ఎవరూ ప్రత్యేకంగా రాయకుండానే చిన్నచిన్న నియమాలు ఒకదానికొకటి ముడిపడి పుట్టినది. ఎండని చేప దగ్గర మొదలై గడ్డిమోపు, ఆవు, గొల్లవాడు, అవ్వ, ఏడ్చే పసివాడు మీదుగా చీమపుట్ట దాకా పోయే ఏడు చేపల కథను విని పెరిగిన మనకు, ఇలా కారణం వెనక కారణాన్ని తవ్వుకుంటూ పోవడంలో ఉన్న ఆనందం ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆటలో కనిపించే ప్రతిదానికీ కారణం ఆ లోకంలోనే ఉండదన్నది కూడా పిల్లలకు తెలియాలి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో ఆకాశంలోని మేఘమూ నేల మీది పొదా ఒకే బొమ్మ. తెలుపు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. అక్కడ పొదలు మేఘాల ఆకారంలో ఎందుకు పెరుగుతాయన్న దానికి పిల్లవాడు ఎంత అందమైన కథ అయినా అల్లవచ్చు, అల్లాలి కూడా. అసలు కారణం మాత్రం కొన్ని పదుల కిలోబైట్లలో ఆట మొత్తాన్ని ఇరికించవలసి వచ్చిన తయారీదారుల పొదుపు. 1980లో జపాన్ నుంచి వచ్చిన ప్యాక్‌-మ్యాన్‌లో మనల్ని తరిమే నాలుగు భూతాలకు నాలుగు స్వభావాలు ఉన్నాయనిపిస్తుంది. ఉదాహరణకు, ఎర్రది నేరుగా వెంటపడుతుంది, గులాబీ రంగుది మనకు నాలుగు గళ్ళ ముందు చోటును గురిపెడుతుంది, నారింజ రంగుది దగ్గరకు వచ్చి మరీ తన మూలకు మళ్ళిపోతుంది. దాన్ని పిరికిదని పిల్లలు అంటారు. దానికి ఉన్నది భయం కాదు, ఎనిమిది గళ్ళలోపు వస్తే వెనుదిరగమన్న ఒక్క వాక్యం. నియమాన్ని చూసి స్వభావాన్ని ఊహించుకోవడం మనిషికి సహజం. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఎరగడం చదువు.

ఈ ఊహలు ఆటతోనే ఆగిపోవని చెప్పడానికి ఒక గట్టి ఉదాహరణ ఉంది. 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే, ఎందరో ఇంటర్నెట్‌లో కలిసి ఆడే ఆటలో ఒక రాక్షసుడితో పోరాడే చోట మాత్రమే ఉండవలసిన అంటువ్యాధి ఒకటి బయటి నగరాలకు పాకింది. వేటగాళ్ళ పెంపుడు జంతువులు దాన్ని మోసుకొచ్చాయి. అంగళ్ళలో కంప్యూటర్ నడిపే పాత్రలు చావకుండానే రోగాన్ని అంటించసాగాయి. బలహీనమైన ఆటగాళ్ళు కుప్పకూలారు, వీధులు అస్థిపంజరాలతో నిండాయి. కొందరు ఊరు వదిలి పారిపోయారు, కొందరు వైద్యం చేయడానికి ఎదురువెళ్ళారు, మరికొందరు కావాలనే రోగాన్ని మోసుకుపోయి జనంలో వదిలారు. ఎవరినీ కదలవద్దన్న ఆంక్షలు పనిచేయక, చివరకు కంపెనీ సర్వర్లను తిరిగి మొదలుపెట్టవలసి వచ్చింది. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అనే పరిశోధకులు ఈ సంఘటన మీద 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వారి అంటువ్యాధుల పత్రికలో వ్యాసం ప్రచురించారు. రోగం వచ్చినప్పుడు మనుషులు ఎలా ప్రవర్తిస్తారన్నది గణిత నమూనాలకు సరిగా అందదనీ, ఇలాంటి లోకాల నుంచి నేర్చుకోవచ్చుననీ వారి వాదన. కోవిడ్ కాలాన్ని దాటి వచ్చిన మనం ఆ వర్ణన చదివితే, పారిపోయిన వారినీ ఎదురువెళ్ళిన వారినీ గుర్తుపట్టగలం.

ఇక పిల్లలు అన్నింటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న: మనం లేనప్పుడు వాళ్ళేం చేస్తారు? మైన్‌క్రాఫ్ట్ విషయంలో దీనికి జవాబు ఉంది. అక్కడి నేల అంతా పొడవూ వెడల్పూ 16 గళ్ళుండే ముక్కలుగా కట్టి ఉంటుంది. ఆటగాడికి కొంత దూరంలో ఉన్న ముక్కలు మాత్రమే నడుస్తాయి. మనం దూరం పోతే ఆ ఊరి రైతు నడుస్తున్న వాడు నడుస్తున్నట్టే ఆగిపోతాడు, పైరు పెరగదు. సూర్యుడు మాత్రం మన తలమీద తిరుగుతూనే ఉంటాడు. ఎన్నో రోజులకు మనం తిరిగి వెళితే ఆ రైతుకు అది మరుక్షణమే. ఈ మాట చెప్పినప్పుడు ఒక పిల్ల "అయితే వాళ్ళ క్యాలెండరూ మన క్యాలెండరూ ఎప్పటికీ కలవవు కదా టీచర్" అంది. నియమం తెలిశాక ఊహ ఆగిపోలేదు. అక్కడి నుంచే మొదలైంది. ఊరికీ ఊరికీ తేదీ వేరైన దేశంలో పండుగ ఎలా చేసుకుంటారు, బాకీకి వడ్డీ ఎలా కడతారు అని తరగతి అంతా వాదులాడుకుంది. వడ్డీ లెక్క మీద అంత ఉత్సాహాన్ని నేను మరెప్పుడూ చూడలేదు.

అందువల్ల మీకు నా విన్నపం ఇది. ఆదివారం పిల్లల పేజీలో ఇలాంటి రాతలకు కొంత చోటు కేటాయించండి. ఏ ఆటలో ఎంత దూరం వెళ్ళాను, ఎవరిని ఓడించాను అన్నది వద్దు. తాను ఏం చూసిందీ, దాన్ని ఎలా పరీక్షించిందీ, ఆ తరువాత తాను ఏం ఊహించిందీ, ఈ మూడింటినీ వేర్వేరుగా రాయమని మాత్రం పిల్లలకు షరతు పెట్టండి, ఎందుకంటే చూసిందీ ఊహించిందీ కలగలిపి రాసే అలవాటు ఈ వయసులోనే పోవాలి. హైదరాబాద్‌లో గేమ్‌లు తయారుచేసే వృత్తిలో ఉన్నవారు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరు నెలకొకసారి, పిల్లలు పట్టుకున్న నియమం నిజంగా ఆట రాసిన వారు పెట్టినదా, యంత్రం వల్ల వచ్చినదా, అనుకోకుండా పుట్టినదా అన్నది వివరిస్తే ఇంకా బాగుంటుంది. ఫోను లేని పిల్లలు వెనకబడిపోకుండా, క్యారమ్స్, అష్టాచెమ్మా, పులిజూదం నియమాల మీద వచ్చే రాతలను కూడా తీసుకోండి. పులిజూదంలో మేకలు ఎందుకు అన్ని, పులులు ఎందుకు కొన్నే అన్న ప్రశ్నలో కూడా ఇంతే లెక్క ఉంది. మీరు సరేనంటే మా తరగతి పిల్లల నోటుపుస్తకాల నుంచి మొదటి విడత రాతలను, వారి తల్లిదండ్రుల అనుమతితో, నేనే పంపగలను.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు,
తెనాలి