అమ్మలుకి నాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి, నాన్న ఆశీస్సులు.

చదరంగం పోటీలో అయిదో రౌండ్ ఓడిపోయాక ఫోన్లో నువ్వు ఏడ్చావు. ఆ రోజు నేనేం మాట్లాడలేదు. నువ్వు పంపిన స్కోర్ షీట్, అదే ఎత్తులు రాసుకున్న కాగితం, పెట్టుకుని రెండు రాత్రులు ఆ ఆట మళ్ళీ ఆడి చూశాను. నీ లెక్క తప్పు కాదురా. ఎఫ్3 గడిలో ఉన్న గుర్రం జీ5 గడికి, అక్కణ్ణించి ఎఫ్7 బంటు మీదకి. అంతవరకూ బాగానే చూశావు. కానీ ఆ గుర్రం కదలగానే హెచ్2 బంటుకి కాపలా పోయింది. అవతలి మంత్రి వచ్చి దాన్ని కొట్టి నీ రాజుకి మాట్ చేసింది, ఆట అయిపోయింది. లెక్కలో గుర్రం వెళ్ళిపోయింది, కళ్ళ ముందు బల్ల మీద మాత్రం ఇంకా ఎఫ్3లోనే కూర్చుని ఉంది. నువ్వు నీ కళ్ళని నమ్మావు.

అందుకే బల్ల చూడకుండా ఆడటం నేర్చుకోమంటున్నాను. నలుగురి ముందు గొప్పగా చూపించుకోవడానికి కాదు. బల్ల లేకపోతే పాత చిత్రం నిన్ను మోసం చెయ్యలేదు. ఏ పావు ఎక్కడుందో ప్రతి ఎత్తుకీ నువ్వే మనసులో సర్దుకోవాలి. ఉక్రెయిన్ గ్రాండ్‌మాస్టర్ ఇవాన్‌చుక్ ఆడేటప్పుడు బల్ల వదిలేసి పైకప్పు వైపు చూస్తుంటే నువ్వు నవ్వేదానివి, గుర్తుందా? ఆయన చూస్తున్నది రాబోయే బల్లని.

పాతకాలం అష్టావధానాల్లో చదరంగం కూడా ఒక అంశంగా ఉండేదని మీ తాతయ్య చెప్పేవారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఇంకొకరు గంట కొడుతుంటారు. అవధాని పద్యం పాదం మధ్యలో ఆపి ఎత్తు చెప్పి, మళ్ళీ ఆ పాదం అందుకోవాలి. నీకు కావలసింది ఆ ధారణే.

ముందు గళ్ళ రంగులు. ఏ1 నలుపు. అక్షరాన్ని అంకె చేసి (ఏ ఒకటి, బీ రెండు, అలా హెచ్ ఎనిమిది) పక్క అంకెతో కూడితే సరిసంఖ్య వచ్చిన గడి నలుపే. ఎఫ్6 అంటే ఆరూ ఆరూ పన్నెండు, నలుపు. కొన్నాళ్ళకి కూడే పని కూడా ఉండదు, గడి పేరు వినగానే రంగు కనిపిస్తుంది. ఆ తర్వాత గుర్రాన్ని ఏ1 నుంచి హెచ్8కి ఆరు ఎత్తుల్లో తీసుకెళ్ళు: బీ3, డీ4, ఎఫ్5, హెచ్6, ఎఫ్7, హెచ్8. ఇంకో దారి నువ్వే వెతుక్కో. అవి వచ్చాక ఒక్క రాజూ ఏనుగుతో మాట్ చెయ్యడం, మొత్తం నోటితోనే. పూర్తి ఆటకి అప్పుడే తొందరపడకు. మధ్యలో చిత్రం చెదిరిపోతే ఊహించి నెట్టుకురావద్దు, మొదటి ఎత్తు నుంచి వరసగా చెప్పుకుంటూ రా.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. పడుకునే ముందు మాత్రం వద్దు. పోలండ్‌లో పుట్టి అర్జెంటీనాలో స్థిరపడ్డ ఆటగాడు నైడార్ఫ్ 1947లో బ్రెజిల్‌లోని సావో పాలోలో ఒకేసారి 45 మందితో బల్ల చూడకుండా ఆడాడు. 39 గెలిచాడు, నాలుగు డ్రా, రెండే ఓడాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన కుటుంబం పోలండ్‌లో ఉండిపోయింది. అలాంటి రికార్డు ఆటల వార్త పేపర్లో పడితే తనవాళ్ళెవరైనా చదివి కబురు పెడతారేమోనని ఆశపడ్డాడట. అది చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఆయనకో కారణం ఉంది, అంత కష్టం పడ్డాడు. నీకు 45 బల్లలు అక్కర్లేదు తల్లీ. ఇలాంటి ప్రదర్శనలు ఆరోగ్యానికి మంచివి కావని సోవియట్ యూనియన్‌లో 1930లోనే నిషేధించారు. నీ నిద్ర నాకు నీ రేటింగ్ కన్నా ముఖ్యం.

అమ్మ సున్నుండలు పంపింది, గది పిల్లలతో పంచుకో.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. బల్ల నా దగ్గరే ఉంటుంది, నీ ముందు ఉండకూడదు. తెల్లవి నీకే ఇస్తున్నాను, మొదటి ఎత్తు ఆలోచించి పెట్టుకో.

నాన్న