ఆదివారం 10 గంటలకు సెల్లార్‌లో

అందరికీ నమస్కారం. మూడో అంతస్తు మాస్టారికి నడుం చుట్టూ ఒకవైపే మంట పుట్టి నీటి పొక్కులు గుత్తులుగా లేచాయి, సర్పి అన్నారు (గ్రూపులో పెట్టమన్నది ఆయనే). చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ల నరాల్లో ఆ వైరస్సే దాక్కుని, ఎన్నో ఏళ్లకు మళ్లీ ఇలా లేస్తుంది. మనుషులకొచ్చే 9 హెర్పిస్ వైరస్‌లలో ఇదొకటి, పాముతో సంబంధం లేదు, కాబట్టి పసర్లు, మంత్రాలు అంటూ రోజులు పోగొట్టుకోకండి, పొక్కులు లేచిన 72 గంటల్లోపే మందు మొదలుపెట్టాలి. మాస్టారికి పసరుతోనే రెండు రోజులు పోయాయి.

ఆదివారం ఉదయం డాక్టరు గారొచ్చి మాట్లాడతారు. ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకోండి. 50 దాటినవాళ్లు మందుల చీటీలు కూడా తెస్తే టీకా సంగతి అడగొచ్చు.

ఆటలమ్మ రానివాళ్లు, ముఖ్యంగా గర్భిణులు, పొక్కులు ఎండి పెచ్చు కట్టేదాకా మాస్టారింటికి వెళ్లకండి. పైడితల్లి గుడికి వెళ్లేవాళ్లు కాస్త త్వరగా వచ్చేయండి!