మా ప్లేగు కామిక్ సంక్రాంతికి వస్తుంది

ముందుగా డబ్బు కట్టి ఎదురుచూస్తున్న పాఠకులందరికీ నమస్కారం. దీపావళికి అందిస్తామన్న కామిక్ సంక్రాంతికి గానీ రాదు. 64 పేజీల పుస్తకం 96 పేజీలైంది. ఇప్పటికే ఆర్డరు చేసినవారు అదనంగా ఒక్క రూపాయి కూడా కట్టనక్కరలేదు. పెరిగిన కాగితం, అచ్చు ఖర్చులు మేమే భరిస్తాం. చిన్న సంస్థ కాబట్టి అందుకోసం వేసవికి అనుకున్న పిల్లల బొమ్మల పుస్తకాన్ని ఆపేశాం.

పేజీలు ఎందుకు పెరిగాయో మీకు చెప్పాలి. మొదటి అధ్యాయం నమూనాగా పంపినప్పుడు మీలో చాలామంది ఒకే ప్రశ్న అడిగారు: నేటి హైదరాబాద్ నుంచి 1896 నాటి బొంబాయికి వెళ్లే నర్సు, ప్లేగును నయం చేసే స్ట్రెప్టోమైసిన్ మందును వెంట ఎందుకు తీసుకెళ్లదు? మా కాలయంత్రం మనిషిని, ఒంటిమీది బట్టలను తప్ప మరేదీ మోయదు. ఆ నియమం సడలించమని కొందరు గట్టిగానే అడిగారు. సడలించం. సంచిలో మందు ఉంటే కథంతా సూదిమందు చుట్టూ తిరుగుతుంది, ఆ ఊరూ ఆ మనుషులూ మరుగున పడిపోతారు. ఆమె వెంట వెళ్లేది ఒక్క సంగతి: ఎలుకల ఒంటిమీద బతికే, రక్తం పీల్చే చిన్న పురుగులే ప్లేగును మనిషికి అంటిస్తాయని. శాస్త్రవేత్త యెర్సిన్ 1894లోనే హాంకాంగ్‌లో ప్లేగు క్రిమిని కనుగొన్నా, ఆ పురుగుల పాత్రను ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమోండ్ కరాచీలో ప్రయోగం చేసి చూపించింది 1898లో.

కొత్త పేజీల్లో ఎక్కువ భాగం బొంబాయిలోని మాండ్వీవే. 1896 సెప్టెంబరులో డాక్టర్ అకాసియో వియెగాస్ ప్లేగును గుర్తించిన పేట అది. రేవు పక్కన ధాన్యపు గోదాములు, వాటి నిండా ఎలుకలు. రోగం మురికిలో, చెడు గాలిలో ఉందని నమ్మిన అధికారులు ఇళ్లను క్రిములను చంపే కార్బాలిక్ ఆమ్లంతో కడిగించారు, సున్నం వేయించారు, ఎండ పడాలని పైకప్పు పెంకులు తీయించారు. ఒక పేజీ మొత్తం ఒకే బొమ్మ: పెంకులు తీసిన గదిలో మందునీళ్లు ధారగా పడుతుంటే, ఎలుకలు గోడ వెంట పక్కింట్లోకి పరుగెడుతుంటాయి. వాటితో పాటు ఏం వెళ్తోందో నర్సుకు మాత్రమే తెలుసు. అరుస్తుంది, ఎవరూ వినరు. మా చిత్రకారిణి ఆ పేజీ గీసి నా ముందు పెట్టినప్పుడే పుస్తకం పెద్దది కావాల్సిందేనని నిర్ణయించుకున్నాను.

ఆమె మాట వినేవారు కామాటిపురలో దొరుకుతారు. నిజాం రాజ్యం నుంచి వలస వెళ్లి బొంబాయి భవనాలు కట్టిన తెలుగు కూలీల పేట అది. కాలయంత్రం కథల్లో భాష ఎలా కుదిరిందో చెప్పకుండా దాటేస్తుంటారు, మాకు ఆ అవసరం రాలేదు. ఆమె చెప్పిందని ఒక తాపీమేస్త్రీ తన గదిలోని ఎలుక కన్నాలన్నీ గచ్చుతో పూడుస్తాడు. చివరి అధ్యాయం ఆ ఒక్క గది కథే. ఆమె నగరాన్ని కాపాడదు. నిజంగా చనిపోయినవారిని బొమ్మల్లో బతికించడం నాకు సమ్మతం కాదు.

శాస్త్రవేత్త హాఫ్కిన్ తాను తయారుచేసిన ప్లేగు టీకాను 1897 జనవరి 10న తనకే వేసుకున్న ఘట్టానికి రెండు పేజీలే ఇచ్చాం. రోగులకు సేవ చేస్తూ ప్లేగుకు బలైన సావిత్రీబాయి ఫూలే గురించి అడిగారు. ఆమె కథ పుణెది, దానికి వేరే పుస్తకమే కావాలి.

సంక్రాంతి దాకా ఆగలేనివారు ఆర్డరు నంబరుతో రాయండి. కారణం అడగకుండా వారంలోగా పూర్తి సొమ్ము తిరిగి పంపిస్తాం. చిరునామా మారినవారు డిసెంబరు లోపు తెలియజేయండి. కొత్తగా కొనేవారికి ధర 250 రూపాయల నుంచి 320 రూపాయలకు పెరుగుతుంది.