ఆమె ఎవరో తెలియడం హంతకుడికి సాకు కారాదు

కేంద్ర హోంశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాదిని. ఈమధ్య ఒక పట్టణంలో ట్రాన్స్‌జెండర్ మహిళ హత్య కేసు విచారణ చూశాను. సాక్షి బోనులో ఆమె తల్లి. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కూతురి ఆధార్ కార్డు. ముద్దాయి తరఫు న్యాయవాది ప్రతి ప్రశ్నలోనూ "మీ అబ్బాయి" అన్నారు. "మా అమ్మాయండీ" అని ఆమె ప్రతిసారీ దిద్దింది. "తానెవరో ముందే చెప్పి ఉంటే నా కక్షిదారుకు అంత కోపం వచ్చేదా?" అని ఆయన అడిగినప్పుడు మాత్రం ఆమె నోరు పెగల్లేదు. సంచిని గుండెకు హత్తుకుని నిలబడిపోయింది.

ఆ కేసు ఇంకా కోర్టులో ఉంది కాబట్టి దాని మంచిచెడ్డల జోలికి వెళ్లను. ఆ ప్రశ్నకు చోటిచ్చిన చట్టం గురించే నా మనవి.

ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్ మొదటి మినహాయింపు ప్రకారం, తీవ్రమైన, ఆకస్మిక ప్రకోపనం (ఎదుటివారు రెచ్చగొట్టడం) వల్ల నిగ్రహం కోల్పోయి చంపితే అది హత్య కాదు. మరణశిక్షో యావజ్జీవమో పడాల్సిన చోట ఐదు నుంచి పదేళ్ల జైలుతో సరిపోవచ్చు. ఆ ప్రకోపనాన్ని కొలిచే పద్ధతిని భార్య ప్రియుణ్ని కాల్చిచంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో సుప్రీంకోర్టు 1961లో చెప్పింది: ముద్దాయి చెందిన సమాజంలోని వివేకవంతుడు అదే పరిస్థితిలో నిగ్రహం కోల్పోతాడా? నా భయమంతా ఇక్కడే. ఆ సమాజమే హిజ్రాలను అసహ్యించుకుంటుంటే, ఆ అసహ్యమే కొలబద్ద అయి కూర్చుంటుంది. ఆడవేషంలో వీధిలో కనిపించిన హిజ్రాను వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చన్న నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023లోనే కదా!

బాధితులనే బోనెక్కించడం మనకు కొత్త కాదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి గురై, పోలీసు దెబ్బలకు భర్తనూ పోగొట్టుకున్న మహిళపై వేశ్య అనే ముద్ర వేశారు. నిందితులైన పోలీసులు చివరికి నిర్దోషులుగా బయటపడ్డారు. అత్యాచార కేసుల్లో బాధితురాలి నడతను ఎత్తిచూపే వెసులుబాటును సాక్ష్య చట్టం నుంచి 2002 సవరణతో గానీ తొలగించలేదు. ఇరవై నాలుగేళ్లు! ఈసారీ అంతకాలం ఆగమంటారా?

మొదటి మినహాయింపుకు ఇప్పటికే మూడు హద్దులున్నాయి. ప్రభుత్వోద్యోగి చట్టబద్ధంగా తన విధి నిర్వర్తిస్తే వచ్చిన కోపం ప్రకోపనం కాదన్నది వాటిలో ఒకటి. నాలుగోది చేర్చండి: ఎదుటి మనిషి లింగ గుర్తింపుగానీ లైంగికతగానీ తెలియడం, బలవంతం లేకుండా వారు ప్రేమనో కోరికనో వెల్లడించడం ప్రకోపనం కాదని రాయండి. కాలిఫోర్నియా 2014లో ఇలాంటి హద్దే గీసింది. నిజంగా దాడి జరిగితే ఆత్మరక్షణ హక్కు ఎలాగూ ఉంటుంది. దానికి ఈ సవరణ అడ్డురాదు.

ఆ తల్లిని మళ్లీ ఎవరూ ఆ ప్రశ్న అడగకుండా చేయడం మీ చేతిలో ఉంది. వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే సవరణ బిల్లు పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక న్యాయవాది, హైదరాబాద్